రంగు వేసిన మోడల్ మీద మాస్కింగ్ టేప్ బంక మిగిలిపోతే: రంగు చెడకుండా తీయడం ఎలా

పోయిన ఏప్రిల్‌లో పిల్లల సెలవులకి ధర్మవరం బయల్దేరేటప్పుడు సగంలో ఉన్న 1/48 స్కేల్ ప్లాస్టిక్ మోడల్‌ని, మిగ్-21 యుద్ధవిమానాన్ని, బల్ల మీద అలాగే వదిలేశాను. ఒళ్ళంతా వెండి రంగు. తోక పై కొసకి ముదురు ఆకుపచ్చ కొట్టాలని, అది కిందికి పాకకుండా చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి ఉంచాను. నాలుగు రోజుల్లో వచ్చేస్తాం కదా అనుకుంటే మూడు వారాలైంది. బెంగళూరులో మా ఇల్లు చివరి అంతస్తు, నెత్తిన నేరుగా కప్పే. కిటికీలన్నీ బిగించి వెళ్ళాం. తిరిగొచ్చి టేప్ లాగితే కాగితం వచ్చింది, బంక రాలేదు. వెండి రంగు మీద వేలెడు వెడల్పున లేత గోధుమ రంగు పట్టీ, ముట్టుకుంటే వేలికి సాగుతోంది. పది నిమిషాల్లో దుమ్మూ, దూది నూగూ వచ్చి దాని మీద వాలాయి.

మళ్ళీ రంగు వేయకుండానే ఆ తోకని బాగుచేశాను. రెండు సాయంత్రాలు పట్టింది. మీ మోడల్ మీద కూడా ఇలాంటి మరక ఉంటే ఆ పని అంచెలంచెలుగా ఎలా చేయాలో చెబుతాను. ముందు ఒక్క మాట. ఇప్పుడు మీ గోరు ఆ బంక మీద ఉంటే తీసేయండి. గోటితో గీకితే బంక ఎటూ పోదు, అటూ ఇటూ పాకుతుంది. కింద రంగు మాత్రం గీరుకుపోతుంది.

బంక ఎందుకు మిగిలింది

మాస్కింగ్ టేప్‌ని 1925లో అమెరికాలో రిచర్డ్ డ్రూ అనే ఆయన 3ఎం కంపెనీలో తయారుచేశాడు. కార్లకి రెండు రంగులు వేసేవాళ్ళ కోసం పుట్టిన వస్తువు అది. అంటుకోవాలి, అడిగినప్పుడు ఊడాలి, వెనక ఏమీ మిగల్చకూడదు. అంటే దాని జిగురుని కావాలనే బలహీనంగా చేస్తారు. అలాంటిది బంక వదిలిందంటే దానికేదో జరిగినట్టే.

ఎక్కువసార్లు ఆ జరిగేది ఎండ, వేడి, ఆలస్యం. హార్డ్‌వేర్ షాపులో దొరికే ముడతల కాగితం టేప్‌లో సాధారణంగా రబ్బరు జిగురు ఉంటుంది. వేడికి అది మెత్తబడి రంగు మీద ఉన్న సన్నని గరుకులోకి దిగుతుంది. రోజులు గడిచేకొద్దీ గాలికి, వెలుతురుకి ఆ రబ్బరు పాడై, కాగితం మీద పట్టు వదిలేసి రంగు మీదే ఉండిపోతుంది. ఇంకో కారణం చాలామంది గమనించరు. అడుగు రంగు పూర్తిగా ఆరకముందే టేప్ వేస్తే, లోపలి నుంచి పైకి రావాల్సిన థిన్నర్ ఆవిరి టేప్ కింద ఇరుక్కుని జిగురుని మెత్తబరుస్తుంది. టేప్ మీద రంగు మరీ తడిగా కొట్టినా అంతే, కాగితం పీల్చుకుని జిగురు దాకా పంపుతుంది.

కారణం తెలిస్తే మందు తేలిక. నిన్నో మొన్నో వేసిన టేప్ వదిలిన బంక మెత్తగా, సాగుతూ ఉంటుంది. దానికి ఏ ద్రవమూ అక్కర్లేకపోవచ్చు. నెలల తరబడి ఉన్నది గట్టిపడి, పెళుసుగా, పసుపు పచ్చగా మారుతుంది. దానికి ఓపిక ఎక్కువ కావాలి.

మొదట: అది నిజంగా బంకేనా చూడండి

ఫోన్ టార్చ్ వెలిగించి మోడల్ పక్క నుంచి, వీలైనంత వాలుగా వెలుగు పడేలా పట్టుకోండి. శుభ్రమైన కాటన్ బడ్ ఒకటి తీసుకుని మరక మీద తేలిగ్గా ఆనించి ఎత్తండి. దూది పోగులు అంటుకుని నిలబడితే అది బంక. పోగులు అంటకుండా, అక్కడ మెరుపు మాత్రమే తేడాగా కనిపిస్తే అది బంక కాదు. టేప్‌ని గట్టిగా నొక్కి రుద్దినప్పుడు మ్యాట్ (మెరుపు లేని) రంగు పైన ఉండే సన్నని గరుకు అణిగిపోయి నున్నగా అయింది. దాన్ని ఏ ద్రవంతో ఎంత తుడిచినా పోదు, పైగా ఇంకా నున్నబడుతుంది. దాని సంగతి చివర్లో చెబుతాను. లేని బంక కోసం రుద్ది రుద్ది రంగు కింది పూత (ప్రైమర్) దాకా వెళ్ళిన మోడళ్ళు నేను చూశాను, అందుకే ఈ పరీక్ష మానకండి.

రెండోది: కింద ఏ రంగు ఉందో తేల్చుకోండి

బంకని కరిగించే ద్రవాలు ఇంట్లోనూ షాపుల్లోనూ ఓ డజను దొరుకుతాయి. వాటిలో మీ రంగు జోలికి పోనివి ఒకటో రెండో ఉంటాయి. అవి ఏవన్నది రంగుని బట్టి మారుతుంది. లెక్కలోకి వచ్చేది అన్నిటికన్నా పై పొర. లోపల ఏ రంగున్నా పైన క్లియర్ కోట్ (రంగులేని పూత) కొట్టి ఉంటే ఆ క్లియర్ ఏ రకమో అదే చూడాలి.

మిస్టర్ కలర్, టమియా ఎల్పీ లాంటి ల్యాకర్ రంగులు బాగా ఆరితే గట్టివి. నాఫ్తా (వత్తి లైటర్లలో పోసే ద్రవం), టర్పెంటైన్ వాటిని ఏమీ చేయవు. ఎన్‌సీ థిన్నర్, అసిటోన్ మాత్రం క్షణంలో కరిగిస్తాయి. టమియా ఎక్స్, ఎక్స్ఎఫ్ సీసాల్లో వచ్చే ఆక్రిలిక్‌కి ఆల్కహాల్ శత్రువు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదే మనం ఐపీఏ అనేది, తగిలితే రంగు లేచొస్తుంది. శానిటైజర్ కూడా అంతే, అందులో ఉన్నదీ ఆల్కహాలే. వల్లెహో లాంటి నీటి ఆక్రిలిక్‌లకి కూడా ఆల్కహాల్ పడదు. వాటితో ఇంకో చిక్కు, పొర పొరగా ఊడే గుణం ఉంటుంది కాబట్టి జిగట వస్తువులతో లాగేటప్పుడు జాగ్రత్త. ఈ రెండు రకాల ఆక్రిలిక్‌ల మీదా నాఫ్తా మామూలుగా హాని చేయదు.

హంబ్రోల్ లాంటి ఎనామెల్ దగ్గర లెక్క తిరగబడుతుంది. టర్పెంటైన్, కిరోసిన్, నాఫ్తా మూడూ ఎనామెల్‌కి చుట్టాలే. వేసి వారమే అయిన ఎనామెల్‌ని టర్పెంటైన్ సులువుగా లేపేస్తుంది. నెల దాటి గట్టిపడినదైతే కొంచెం తట్టుకుంటుంది. ఎనామెల్ మీద పొడి పద్ధతులతోనే పని కానివ్వండి. తప్పనిసరైతే ఐపీఏతో తేలిగ్గా ఒక్క తుడుపు.

మొన్న కేఆర్ పురం నుంచి మోడళ్ళు చేసే కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఐపీఏ పెట్టి తుడిచేస్తే బంక పోతుంది కదా?" అన్నాడు.

"పోతుంది. రంగేంటి?"

"టమియా ఎక్స్ఎఫ్."

"అయితే రంగు కూడా పోతుంది రా. కాటన్ బడ్ కింద పెట్టు."

అప్పటికి సీసా మూత తీసే ఉన్నాడట.

ఏ రంగో గుర్తులేకపోయినా, మోడల్ ఇంకొకరు చేసి ఇచ్చినదైనా, చక్రాల గూటి లోపలో, పొట్ట కింద మూలనో బయటికి కనబడని చోటు చూడండి. కాటన్ బడ్‌కి ఒక చుక్క ఐపీఏ తగిలించి అక్కడ ఆనించండి. రంగు బడ్‌కి వస్తే ఆక్రిలిక్. రాకపోతే ఇంకో చోట టర్పెంటైన్‌తో చూడండి. అప్పుడు వస్తే ఎనామెల్. రెండిటికీ రాకపోతే చాలావరకు ల్యాకర్. నేనైతే ప్రతి మోడల్‌కి రంగు కొట్టేటప్పుడే ఒక స్ప్రూ ముక్కకి (కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) కూడా అదే రంగు, అదే క్లియర్ కొట్టి డబ్బాలో దాచుకుంటాను. ఏ ద్రవమైనా ముందు దాని మీద, తర్వాతే విమానం మీద.

మూడోది: పొడిగా తీయగలిగినంత తీయండి

నా అనుభవంలో సగానికి సగం బంక ఇక్కడే పోతుంది. మిగ్ తోక మీద కూడా అంతే, మొదటి సాయంత్రం ఒక్క చుక్క ద్రవం వాడలేదు.

చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోండి. తాజా మాస్కింగ్ టేప్ ముక్క, బొటనవేలంత, తీసుకోండి. బంక మీద తేలిగ్గా అద్ది టక్కున ఎత్తండి. అద్దడం, ఎత్తడం, అంతే. టేప్ జిగురుకి బంక జిగురు అంటుకుని తీగలుగా లేస్తుంది. ముక్క నిండగానే మార్చండి. పాత ముక్కనే వాడితే తీసిన బంకని మళ్ళీ పూసినట్టవుతుంది. సెల్లో టేప్, ప్యాకింగ్ టేప్ దీనికి వాడకండి, వాటి పట్టుకి రంగే లేచొస్తుంది.

అలా పల్చబడ్డాక వేలి కొసతో ఒకే దిశలో మెల్లగా దొర్లించండి. పప్పులో చెయ్యి పెట్టి అన్నం కలిపేంత బలం కూడా వద్దు. బంక చిన్న చిన్న నలకలుగా, రబ్బరుతో చెరిపినప్పుడు వచ్చే పొట్టులా, చుట్టుకుపోతుంది. ఆ నలకల్ని మెత్తని బ్రష్‌తో దులుపుతూ ఉండండి, లేకపోతే అవి మళ్ళీ అంటుకుంటాయి. చేతికి చెమట పట్టే రకమైతే వేలికి నైట్రైల్ గ్లవ్ తొడుక్కోండి, ఇంకా బాగా దొర్లుతుంది.

స్టేషనరీ షాపుల్లో పోస్టర్లు అంటించడానికి అమ్మే బ్లూ ట్యాక్, బొమ్మలు గీసేవాళ్ళు వాడే పిసికే రబ్బరు, ఈ రెండూ ఇక్కడ చాలా ఉపయోగం. చిన్న ఉండ చేసి, అరచేతుల్లో మెత్తబరిచి, బంక మీద నొక్కి నిటారుగా ఎత్తండి. నీటి ఆక్రిలిక్ మీద మాత్రం ముందు మూలన పరీక్షించండి. మామూలు పెన్సిల్ రబ్బరు వాడొద్దు. అందులో గరుకు ఉంటుంది, మెరుపు రంగుల్ని గీకేస్తుంది.

బంక గట్టిగా ఉంటే కాస్త వెచ్చబరచండి. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో పెట్టి, అడుగు దూరం నుంచి కదుపుతూ ఐదు లెక్కపెట్టేంత సేపు. తర్వాత మీ వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే చాలు, వేలికి చురుక్కుమంటే ఎక్కువైనట్టు. మోడల్ ప్లాస్టిక్ పాలిస్టైరిన్. అది 100 డిగ్రీల దగ్గరకొస్తేనే మెత్తబడుతుందని ధైర్యపడకండి, పిటో గొట్టం, యాంటెనా లాంటి సన్నని భాగాలు అంతకంటే చాలా ముందే వంగుతాయి.

బంకతో పాటు కాగితం కూడా ఉండిపోయిందా? ముడతల టేప్ పాతబడితే అలా చీలికలుగా మిగులుతుంది. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన టిష్యూని దాని మీద పావుగంట పరిచి ఉంచండి. కాగితం నాని మెత్తబడ్డాక ట్వీజర్‌తో అంచు పట్టి, రంగుకి దాదాపు ఆనుకునేంత వాలుగా వెనక్కి మడిచి లాగండి. నిటారుగా పైకి లాగితే రంగు కూడా వస్తుంది. నీటికి జిగురు కరగదు, కానీ కాగితం పోతేనే ద్రవం జిగురు దాకా చేరుతుంది.

నాలుగోది: కొబ్బరి నూనె

చాలామంది దీన్ని దాటేసి నేరుగా ఘాటు ద్రవాలకి పోతారు. మనందరి ఇళ్ళలో ఉండేదీ, ప్లాస్టిక్‌నీ ఏ రకం రంగునీ పెద్దగా కదిలించనిదీ ఇదే. మెరుపు రంగు మీదా, క్లియర్ కోట్ ఉన్న రంగు మీదా వాడండి. క్లియర్ కోట్ లేని మ్యాట్ రంగు మీద వద్దు, నూనె పీల్చుకుని మరక పడుతుంది.

కాటన్ బడ్‌తో ఒక పలచని పొర రాసి ఇరవై నిమిషాలు వదిలేయండి. నూనె మెల్లగా రబ్బరు జిగురులోకి దిగి దాన్ని ఉబ్బిస్తుంది. తర్వాత పొడి బడ్‌తో దొర్లిస్తే మెత్తని ముద్దలా వస్తుంది. ఇంకా ఉంటే మళ్ళీ రాయండి. అయ్యాక గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, మెత్తని బ్రష్‌తో రెండుసార్లు కడగాలి. నూనె జాడ మిగిలితే ఆపైన వేసే ఏ రంగూ పట్టదు, చేప కళ్ళలాంటి గుంటలు పడతాయి. ఈ కడుగు విషయంలో బద్ధకించకండి.

ఐదోది: నాఫ్తా

ఎనామెల్ కాని రంగుల మీద మొండి బంకకి నేను నమ్మేది ఇదొక్కటే. సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం అంటే ఇదే. షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త, లైటర్ ఫ్లూయిడ్ అంటే చాలా చోట్ల గ్యాస్ డబ్బా చేతిలో పెడతారు. అది బ్యూటేన్, మనకి పనికిరాదు. జిప్పో లాంటి వత్తి లైటర్లలో పోసే ద్రవం కావాలని చెప్పండి. పట్టుచీరల పెట్రోల్ వాష్‌కి వాడే వైట్ పెట్రోల్ కూడా దగ్గరి చుట్టమే. కానీ దాని శుద్ధి డబ్బా డబ్బాకీ మారుతుంది, స్ప్రూ ముక్క మీద చూడకుండా వాడకండి.

బండి పెట్రోల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది ఆల్కహాల్ కాబట్టి ఆక్రిలిక్‌ని లేపుతుంది. పెట్రోల్‌లో సహజంగా ఉండే ఇంకొన్ని పదార్థాలు పాలిస్టైరిన్‌నే కరిగిస్తాయి. నారింజ తొక్క వాసనతో వచ్చే స్టికర్ రిమూవర్లూ అంతే. వాటిలోని లిమొనీన్ పాలిస్టైరిన్‌ని ఎంతగా కరిగిస్తుందంటే టమియా దానితో మోడల్ భాగాలు అతికించే జిగురు కూడా తయారుచేస్తుంది. అలాంటిది మీ రెక్క మీద పోయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నీలగిరి తైలాన్ని కూడా పక్కన పెట్టండి.

మొదలుపెట్టే ముందు కిటికీ తెరవండి, ఫ్యాన్ మోడల్ నుంచి బయటికి గాలి పోయేలా పెట్టండి. నాఫ్తా ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదుగా పాకుతుంది, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పక్క గదిలో దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, వంటింట్లో స్టవ్, ఏవీ వెలుగుతూ ఉండకూడదు. అపార్ట్‌మెంట్లలో బాల్కనీకి ఆనుకునే వంటిల్లు ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. పిల్లల్ని అటు రానివ్వకండి. వాడిన దూదిని వెంటనే చెత్తబుట్టలో వేయకుండా బాల్కనీలో పూర్తిగా ఆరనిచ్చి పారేయండి.

ఇప్పుడు పని. రెండు మూడు చుక్కలు సీసా మూతలో పోసుకోండి. కాటన్ బడ్ ముంచి, టిష్యూ మీద ఒత్తి అదనపు తడి తీసేయండి. బడ్ తడిగా ఉండాలి, కారకూడదు. బంక అంచు మీద పెట్టి మధ్యకి దొర్లించండి. పూరీ కర్ర దొర్లినట్టు దొర్లాలి, చీపురులా ఊడ్చకూడదు. రుద్దితే కరిగిన బంక పల్చగా చుట్టుపక్కలకి పాకి, గాలికి ఆరి, ముందున్న పట్టీకి రెండింతల వెడల్పు పొర తయారవుతుంది. దొర్లిస్తే బంక బడ్‌కి చుట్టుకుని పైకొస్తుంది.

మిగ్ తోక మీద ఇది నేను దగ్గరగా చూశాను. బడ్ తగిలిన మొదటి రెండు సెకన్లు ఏమీ జరగలేదు. తర్వాత గోధుమ రంగు పట్టీ అంచు కొంచెం తెల్లబారి, చల్లారిన పాల మీద మీగడలా ముడతపడింది. ఆ ముడతని పొడి బడ్‌తో పక్క నుంచి ఎత్తితే తోలులా లేచింది. కింద వెండి రంగు మామూలుగానే ఉంది. ఆ ముడత పడే క్షణం కోసమే చూడాలి. అది రాకముందే తొందరపడి తుడిస్తే సగం ఉండిపోతుంది. వచ్చాక ఆలస్యం చేస్తే మళ్ళీ అతుక్కుపోతుంది. ఒక బడ్‌కి ఒక పక్క ఒక్కసారే. నాకు ఆ చిన్న తోకకే పద్దెనిమిది బడ్లు పట్టాయి, తక్కువతో సరిపెట్టుకోవాలని చూడకండి.

ప్రతి బడ్ కొసా చూస్తూ ఉండండి. బంక లేత పసుపుగానో గోధుమగానో ఉంటుంది. మీ రంగు కనిపిస్తే అక్కడితో ఆపండి, అరగంట ఆరనివ్వండి. తడిసిన రంగు తిరిగి గట్టిపడ్డాక పొడి పద్ధతికి తిరిగి వెళ్ళండి. వెండి, ఇత్తడి లాంటి లోహపు రంగుల్లో ద్రవం ఏమీ చేయకపోయినా రాపిడికే మెరుపు రేణువులు లేచొస్తాయి. బడ్ మీద బూడిద మెరుపు కనబడితే ఒత్తిడి తగ్గించండి. డీకాల్స్ (నీళ్ళతో అంటించే గుర్తుల పొరలు) ఉన్న చోటికి నాఫ్తా తీసుకెళ్ళకండి. తప్పకపోతే డీకాల్ అంచు నుంచి బయటికి దొర్లించండి, లోపలికి వద్దు.

ప్యానెల్ గీతల్లోనూ రివెట్ల గుంటల్లోనూ ఇరుక్కున్న బంకకి కాటన్ బడ్ అందదు. ఈనెల చీపురు పుల్ల ఒకటి విరిచి, కొసని పళ్ళతో నమిలి కుంచెలా చేసుకోండి, అచ్చం వేప పుల్లలా. ఎండాక నాఫ్తాలో ముంచి గీత వెంట ఒకవైపుకే లాగండి. ఇంత మంచి పనిముట్టు హాబీ షాపులో నాకు దొరకలేదు. ఇది చెక్క కాబట్టి రంగు గీరుకోదు. సూది, బ్లేడ్ గీతల్లో పెట్టొద్దు.

గాజు భాగాల మీద

కానపీ, అంటే కాక్‌పిట్ మీది పారదర్శక మూత మీద బంక ఉంటే లెక్క వేరు. అది పారదర్శక పాలిస్టైరిన్, మామూలుదానికన్నా పెళుసు. లోపల ఒత్తిడి ఉంటే, ఉదాహరణకి బిగుతుగా నొక్కి అంటించి ఉంటే, నాఫ్తా తగిలిన చోట సాలెగూడులా సన్నని పగుళ్ళు రావచ్చు. అవి పడ్డాక ఇక బాగుచేయలేం. కాబట్టి కానపీ మీద తాజా టేప్ అద్దడం, బ్లూ ట్యాక్, కొబ్బరి నూనె, సబ్బు నీళ్ళు, ఇంతవరకే. నాకు వీటితో పోని బంక కానపీ మీద ఇంతవరకూ ఎదురుపడలేదు, కాకపోతే ఒక్కోసారి ఒక పూటంతా కూర్చోవాలి. చివరగా సన్నని మచ్చ మిగిలితే టమియా ఫినిష్ కాంపౌండ్ (పాలిష్ చేసే పేస్టు) పెసరగింజంత మెత్తని గుడ్డకి రాసి గుండ్రంగా రుద్దండి.

కడుగు, ఆరబెట్టు, మళ్ళీ చూడు

ఏ ద్రవం వాడినా చివర్లో సబ్బు నీళ్ళ కడుగు ఉండాల్సిందే. గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్ళు, మెత్తని బ్రష్. తర్వాత మంచి నీళ్ళు. బెంగళూరులో చాలా ఇళ్ళకి బోరు నీళ్ళే, ఆరితే తెల్లని ఉప్పు చుక్కలు పడతాయి. అందుకని చివరి కడుగుకి తాగే నీళ్ళు వాడండి. టిష్యూతో అద్దండి, తుడవకండి. రాత్రంతా ఆరనివ్వండి.

మర్నాడు పొద్దున టార్చ్ వాలుగా పట్టి మళ్ళీ చూడండి. ఇప్పుడు మూడు రకాల మచ్చలు కనబడొచ్చు. పోగులు అంటితే బంక ఇంకా ఉన్నట్టు, మూడో అంచె నుంచి మళ్ళీ. మ్యాట్ రంగు మీద నున్నని మెరుపు పట్టీ ఉంటే అది అణిగిన గరుకు, దాన్ని కప్పడానికి ఒక పలచని మ్యాట్ క్లియర్ కోట్ చాలు. భాగం మొత్తం కొట్టండి, పట్టీ మీద మాత్రమే కొడితే కొత్త మచ్చ తయారవుతుంది. మెరుపు రంగు మీద మసక పట్టీ ఉంటే కాంపౌండ్‌తో పాలిష్ చేయొచ్చు. ముందు ఫైన్, తర్వాత ఫినిష్. అంచుల మీద, ఎత్తైన గీతల మీద రుద్దొద్దు, అక్కడ రంగు పలచగా ఉంటుంది. లోహపు రంగుని అసలు పాలిష్ చేయకండి. మిగ్ తోక మీద మిగిలిన కొద్దిపాటి తేడాని నేను పలచని క్లియర్‌తో కలిపేశాను.

ఇంకోసారి రాకుండా

కొత్త టేప్‌ని మోడల్‌కి వేసే ముందు శుభ్రమైన గాజు పలక మీద రెండుసార్లు అంటించి ఊడదీయండి. పట్టు కొంచెం తగ్గుతుంది, గీతకి అది చాలు. చేతి వెనక అంటించే అలవాటు ఉంటే మానుకోండి, చర్మం నూనె టేప్‌కి ఎక్కి అక్కడి నుంచి రంగుకి ఎక్కుతుంది. రంగు గీత పడే అంచుకి టమియా పసుపు టేప్ వాడి, మిగతా విస్తీర్ణమంతా హార్డ్‌వేర్ టేప్‌తోనో కాగితంతోనో కప్పండి. టమియా టేప్ ఖరీదైనదే, కానీ అంచుకి 6 మిల్లీమీటర్లదే సరిపోతుంది. చుట్టని జిప్ కవర్‌లో, బీరువా లాంటి చల్లని చోట పెట్టండి. ఎండ పడే కిటికీలో ఏడాది పడి ఉన్న హార్డ్‌వేర్ టేప్‌ని మోడల్‌కి వేయకండి, ఎంత మిగిలినా సరే, అట్టపెట్టెలకి వాడుకోండి.

అడుగు రంగు ఆరిందా లేదా అన్నది ముక్కుతో చూడండి. మోడల్‌ని దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన వస్తే ఇంకా ఆరలేదు. వానాకాలంలో ఎనామెల్‌కి నేను వారం ఆగుతాను. పై రంగు కొట్టాక ముట్టుకుంటే అంటనంత ఆరగానే, వీలైతే అదే రోజు, టేప్ తీసేయండి. ఊరు వెళ్ళే పని ఉంటే రైలు టికెట్లు సర్దుకునేటప్పుడే బల్ల మీద మోడల్ వైపు ఒకసారి చూడండి. దాని మీద టేప్ ఉంటే, పని సగంలో ఉన్నా సరే తీసేసి వెళ్ళండి. వచ్చాక మళ్ళీ టేప్ వేయడానికి పది నిమిషాలు పడుతుంది.